జగదాంబ మాగేసిన చెల్లో

నూజివీడులో జగదాంబగారిల్లు ఎక్కడండీ అని అడిగితే ఇప్పుడు ఎవరైనా ముందు ఒక నవ్వు నవ్వి, ఆ తరవాత దారి చూపిస్తారు. మొన్నమొన్నటి దాకా ఆ నవ్వు లేదు. కాయ బాగుంటుందండీ, కళ్ళు మూసుకుని పట్టుకెళ్ళండి అని ఓ మాట కలిపి మరీ పంపేవాళ్ళు. ఊరికేం పోయింది, నవ్వుకోడానికి ఏదో ఒకటి కావాలి. వాళ్ళకి తెలిసింది సగం. మిగతా సగం ఆవిడ ఒక్కదానికే తెలుసు, ఆవిడ చచ్చినా చెప్పదు.

జగదాంబ చాట్రాయి పిల్ల. తండ్రి అక్కడ రాములవారి గుళ్ళో అర్చకత్వం చేసేవాడు. దేవుడి మాన్యంలో కాసిని రసాల మామిడి చెట్లుండేవి. ఆ కాయలు మాగేసే పని నాయనమ్మది, ఆవిడ నుంచి పిల్లకి వచ్చింది. తొడిమ దగ్గర భుజాలు లేచి ముదిరిన కాయనే కోయించాలి. తొడిమతో కోసి, సొన కారిపోయేదాకా బోర్లించాలి. చీకటి గదిలో వరిగడ్డి పరిచి ఒక వరస కాయ, ఒక వరస గడ్డి వేసి, పైన దుప్పటిలా గడ్డి కప్పి తలుపు మూసేయాలి. ఇక అంతే. పండు వాసన తానంతట తాను తలుపు దాటి బయటికొచ్చేదాకా ఆ తలుపు తీయకూడదు. మధ్యలో తీస్తే లోపలి వేడి పోతుంది, ఆవిరి పోతుంది, కాయ ముడతలు పడి చప్పబడుతుంది. ఇంట్లో పెళ్ళి జరుగుతున్నా సరే తీయకూడదని నాయనమ్మ శాసనం. కార్బైడు పొడి పొట్లాలు పెట్టి రాత్రికి రాత్రి పసుపు రంగు తెప్పించేవాళ్ళ మాట ఎత్తితే జగదాంబకి ఈ వయసులో కూడా ఒళ్ళు మండుతుంది.

ఆవిణ్ణి నూజివీడు వీరరాఘవయ్యకిచ్చి చేశారు. ఆయన వయొలిన్ నేర్చుకుని మద్రాసు వెళ్ళాడు. అక్కడ సినిమా పాటల రికార్డింగులకి వయొలిన్ వాళ్ళు వీధికొకరున్నారు. చెల్లో వాయించేవాళ్ళే దొరకడం లేదని ఎవరో ఆయన చేతిలో అది పెట్టారు. చెల్లో అంటే మనిషి కూర్చుని మోకాళ్ళ మధ్య ఆనించుకుని వాయించే పెద్ద వయొలిన్. దాని గొంతు మగవాడి గొంతంత లోతు. ఇరవై ఏళ్ళకి పైగా వెనక వరసలో కూర్చుని, ముందు పాడేవాళ్ళకి కింద నేల పరిచినట్టు వాయించాడు. ఒంటరిగా ఆయన వాద్యం వినిపించిన పాట ఒక్కటీ లేదు. ఆ ముల్లు ఆయనలో దిగబడిపోయింది. తరవాత కీబోర్డులొచ్చాయి, వెనక వరసలు ఖాళీ అయ్యాయి, చెల్లో పెట్టె బస్సు మీద వేసుకుని ఊరికి తిరిగొచ్చాడు. ప్రైవేటు స్కూళ్ళలో పిల్లలకి వయొలిన్ చెప్పడం మొదలుపెట్టాడు. ఇల్లు నడిచింది మాత్రం జగదాంబ మాగేసే గదిలోంచే. వేసవంతా ఆవిడ మాగేసిన రసాలు హనుమాన్ జంక్షన్ దాకా, బెజవాడ దాకా వెళ్ళేవి. ఆ సంగతి ఆయన ఎప్పుడూ నోటితో అనలేదు. ఆవిడా అనిపించుకోవాలనుకోలేదు.

సంగీతం గురించి ఆయన పెళ్ళానికి నేర్పింది ఒక్కటే మాట, ముట్టుకోకు. మద్రాసులో కాపురం పెట్టిన కొత్తలో ఆ పెట్టె మీద దుమ్ము తుడవబోతే అరిచాడు. ఇదేంటండీ లోపల, దేంతో చేస్తారు అని ఓసారి అడిగితే, నీకర్థం కాదులే అన్నాడు. ఆవిడ మళ్ళీ అడగలేదు. ముప్పై ఏళ్ళు ఒకే గదిలో ఆ పెట్టె పక్కనే పడుకుంది.

ఆ సంక్రాంతి వెళ్ళాక కౌముది ఫోన్ చేసింది. ఈయన దగ్గర చిన్నప్పుడు వయొలిన్ నేర్చుకున్న పిల్ల. ఇప్పుడు బెజవాడలో ఉద్యోగం చేస్తూ తనలాంటి వాళ్ళని ముప్పై మందిని పోగేసి ఆర్కెస్ట్రా పెట్టింది. జూన్ మొదటి ఆదివారం కచేరీ అట. ఇటలీ ఊళ్ళు తిరిగొచ్చినాయన ఒకడు ఆ ఎండనీ, చర్చి గంటల్నీ, పడవల వాళ్ళ పదాల్నీ మనసులో పెట్టుకుని కట్టిన సంగీతమట. అందులో మధ్యలో ఒంటరి చెల్లో ఉంది.

"అది మీరే వాయించాలి మాస్టారూ. మీరు కాకపోతే ఇంకెవరండీ," అంది.

వీరరాఘవయ్య ఫోన్ పెట్టేసి చెల్లో పెట్టె తెరిచి దుమ్ము తుడిచాడు. ఆ మధ్యాహ్నం అన్నంలో నెయ్యి ఇంకొంచెం వెయ్యమన్నాడు. అరవై దాటిన మనిషి మొహంలో అలాంటి వెలుగు చూసి జగదాంబకి కడుపు నిండిపోయింది. ఈ ఒక్క సాయంత్రం ఆయనకి దక్కితే చాలు దేవుడా, ఆ ముల్లు ఊడిపోతుంది, ఇంట్లో మనిషి మనిషిలా ఉంటాడు అనుకుంది. ఆవిడ ఆశ అంతకు మించి పోలేదు.

ఇక సాధన మొదలైంది. ముందు గదిలో ఆయన, గోడకి ఇవతల వసారాలో పప్పులేరుకుంటూ, ఎండలొచ్చాక కాయ ఏరుకుంటూ ఈవిడ. రోజూ అదే పాట. మొదట నెమ్మదిగా, నూతిలో బొక్కెన దిగినట్టు దిగేది. తరవాత కాసేపు ఏమీ వాయించకుండా పెదాలతో లెక్క పెట్టుకునేవాడు, అలిసిపోయాడు కాబోలు అనుకునేది ఆవిడ. మళ్ళీ ఎత్తుకుని మెట్టుమెట్టుగా పైకి, పైపైకి వెళ్ళేవాడు. బాగా పైకి వెళ్ళాక ఒకచోట చెల్లో గొంతు చీలిపోయేది. ఆగేవాడు. చప్పరింత వినిపించేది. మళ్ళీ మొదటికి. సాధనంటే ఇంతే కాబోలు, ఆగినచోటే ఆగి అరగదీయాలి కాబోలు అనుకుంది జగదాంబ. ఆ ఆగే చోటు ఆవిడకి ఎంత బాగా తెలిసిపోయిందంటే, అది దగ్గర పడుతుంటే చేతిలో కాయ పట్టుకుని అలాగే ఉండిపోయేది. చీలిపోయాక కింద పెట్టేది.

మే నెల మధ్యలో ఉంగుటూరులో ఉన్న ఆడపడుచు అమృతమ్మ బావి గట్టు దగ్గర జారి తుంటి విరగ్గొట్టుకుంది. చూసుకునే దిక్కు లేదు. వీరరాఘవయ్య రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకుని వెళ్ళాడు. వెళుతూ గుమ్మంలో ఆగి, "పెట్టె జాగ్రత్త," అన్నాడు. ఆయన అన్న మాట అదొక్కటే. ఎండ తగలనీకు అనలేదు, వేడి తగలనీకు అనలేదు. ముప్పై ఏళ్ళలో చెప్పనిది గుమ్మంలో నించుని ఏం చెప్తాడు.

మర్నాడు పొద్దున్నే చాట్రాయి నుంచి ఆటో బుచ్చయ్య కాయ తెచ్చి దింపాడు. జగదాంబ గదంతా పేర్చింది. గడ్డి కప్పడం అయ్యేసరికి పడమర నల్లబడింది. ఆ గాలివాన గుర్తున్నవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. తోటల్లో కాయ నేల రాలి తివాచీ పరిచినట్టయింది, కౌలుకి తీసుకున్నవాళ్ళు గట్ల మీద కూర్చుని ఏడ్చారు. జగదాంబగారి ముందు గది మీద రేకులు రెండు లేచిపోయాయి. నీళ్ళు ధారగా చెల్లో పెట్టె పక్కనే పడుతున్నాయి.

ఇంట్లో స్లాబు ఉన్న గది ఒక్కటే, మాగేసే గది. చుక్క పడదు. ఎలక రాదు. ఆవిడకి ఈ లోకంలో పూర్తిగా నమ్మకమున్న చోటు అది. ముట్టుకోవద్దన్న పెట్టెని మొదటిసారి రెండు చేతులా కావిలించుకుని, ఈడ్చుకుంటూ ఆ గదిలోకి తెచ్చింది. కాయ పక్కన పడుకోబెట్టింది. లేత వస్తువు కదా, దెబ్బ తగలకూడదని కింద గడ్డి వేసింది. పైనా గడ్డి కప్పింది, కాయకి కప్పినట్టే, అంతకంటే మందంగా. అప్పుడు తలుపు మూసింది.

రెండు రోజుల్లో వస్తాడనుకున్న మనిషి వారం దాటినా రాలేదు. అక్కకి ఆపరేషన్ అన్నారు. రోజూ ఫోన్‌లో "పెట్టె బాగుందా?" అని అడిగేవాడు.

"దానికేం భయం లేదండీ. స్లాబు గదిలో పెట్టాను. చాలా భద్రంగా ఉంది," అనేది.

స్లాబు గది అంటే మాగేసే గది అని ఆయనకి తట్టలేదు. ఆ గదిలోకి ఆయన ఏనాడైనా తొంగి చూస్తే కదా. ఓ రోజు ఆవిడకే అనిపించింది, ఒకసారి తీసి చూద్దామా అని. గొళ్ళెం మీద చెయ్యి కూడా వేసింది. కాయ పాడైపోతుందని తీసేసింది.

ఆయన వచ్చిన రోజు సాయంత్రం పండు వాసన తలుపు దాటి వసారాలోకి వచ్చింది. జగదాంబ సంతోషంగా తలుపు తీసి, గడ్డి పక్కకి నెట్టి చూపించింది. "చూడండి, ఎంత వెచ్చగా దాచానో."

పెట్టె ముట్టుకుంటే కాలుతోంది. మూత తీస్తే లోపలి బట్ట చెమ్మగా ఉంది. చెల్లో ముఖం పలక అంచు వెంబడి ఊడిపోయి నోరు తెరిచింది, మెడ పక్కకి ఒరిగింది, తీగలు వదులై వేలాడుతున్నాయి. ఆ వాద్యంలో ఎక్కడా మేకు ఉండదు. తోలు కాచి తీసిన సరేసు బంకతో అతుకుతారు. పొడిగా ఉంటే వందేళ్ళు పట్టుకునే బంక, వేడీ తేమా కలిసి తగిలితే వదిలేస్తుంది. ఇది మద్రాసులో వాద్యగాళ్ళందరికీ తెలుసు. మాగేసే గదిలో ఉండేవి ఆ రెండే.

వీరరాఘవయ్య దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. గుండెల నిండా గాలి పీల్చి, మెల్లిగా, చాలాసేపు వదిలాడు. దిగ్భ్రమ కాబోలు అనుకుంది ఆవిడ. ఆ తరవాత అరిచాడు.

"కాయలు మాగేయడం తప్ప నీ బతుక్కి ఇంకేమైనా తెలుసా? నా ప్రాణం తీసి గడ్డిలో పాతిపెట్టావే. ఇక నీ గదిలో పండు నా నోట పెడితే ఒట్టు."

జగదాంబ పెట్టె మీది గడ్డి పోచలు ఏరసాగింది. ఏమని చెప్పుకుంటుంది. ఎదురుగా కనిపిస్తోంది, నోరు తెరుచుకుని.

ఇంట్లో అరిచి ఊరుకుంటే అదో దారి. ఆయన ఊరుకోలేదు. వచ్చినవాడికల్లా చెప్పాడు. పాలవాడికి చెప్పాడు, స్కూల్లో చెప్పాడు, పక్కింటి వెంకాయమ్మకి గోడ మీంచి చెప్పాడు. రైతు బజార్లో ఎవరో, "ఏమండీ జగదాంబగారూ, మాస్టారి చెల్లో పండిందా, ఇంకా పచ్చిగానే ఉందా," అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. ఆవిడా నవ్వబోయింది, రాలేదు. కూరలు కొనకుండానే ఇంటికొచ్చేసింది. ఆ రోజు నుంచి బయటికి వెళ్ళడం తగ్గించింది. తిండి తగ్గింది. పొద్దున్నే లేవగానే నోరు తెరిచిన ఆ పలకే కళ్ళ ముందు. ముప్పై ఏళ్ళు ఎదురు చూసిన మనిషికి ఒక్క సాయంత్రం దక్కబోతే తన చేత్తో తీసేశాను అనుకుంది.

కౌముది మళ్ళీ ఫోన్ చేసింది. ఆయన చేతులు ఖాళీ లేక స్పీకర్ పెట్టాడు.

"బాధపడకండి మాస్టారూ. హైదరాబాద్ నుంచి మంచి చెల్లో తెప్పిస్తున్నాం. ఇంకా పది రోజులు టైముంది. మీరే వాయించండి."

"వద్దమ్మా. నా వాద్యం మీద తప్ప నా చేతులు పలకవు. మా ఆవిడ పుణ్యాన ఆ యోగం నాకు లేదు. ఇంకెవర్నైనా చూసుకో."

వంటింట్లో ఉన్న జగదాంబ కొంగు నోట్లో కుక్కుకుంది. వాద్యాన్ని అంతగా ప్రేమించిన మనిషి అనుకుంది. తన పాపం ఇంకో మణుగు బరువెక్కింది.

కచేరీకి ఆయన రానన్నాడు. ఆవిడ మాత్రం వెళ్ళింది. ఎందుకు వెళ్ళావంటే చెప్పలేదు. తను పాడు చేసింది ఏమిటో చెవులారా వినకుండా ఉండటం తప్పనిపించింది, అంతే. ఆదివారం మధ్యాహ్నం బస్సెక్కి బెజవాడలో దిగితే, కౌముది వచ్చి హాలుకి తీసుకెళ్ళింది. ఎత్తిపొడుపు మాట ఒక్కటీ అనలేదు ఆ పిల్ల. ముందు వరసలో కూర్చోబెట్టి, రాత్రికి తమ ఇంట్లోనే పడుకోవాలి అమ్మగారూ అని చెప్పి స్టేజీ మీదకి వెళ్ళిపోయింది. నల్ల బట్టల్లో అందరూ బారులు తీరి కూర్చున్నారు. ఏసీ చలికి జగదాంబ కొంగు భుజాల మీదుగా కప్పుకుంది.

మొదట ఏవో రెండు హుషారైనవి అయ్యాయి. తరవాత హైదరాబాద్ నుంచి వచ్చిన శశాంక్ అనే కుర్రాడు చెల్లో తెచ్చుకుని మధ్యలో కూర్చున్నాడు. పాతికేళ్ళుంటాయేమో. కళ్ళు మూసుకుని కమాను తీగ మీద ఆనించాడు. నూతిలో బొక్కెన దిగింది.

జగదాంబ ముందుకు వంగింది. ఇది తన వసారాలో పాటే. ఆ తరవాత ఆ కుర్రాడు కమాను తీసి ఆగాడు. ఆయన పెదాలతో లెక్క పెట్టుకునే చోటు. ఆ ఖాళీలో ముప్పై మందీ ఒక్కసారిగా అందుకున్నారు. ఎండ, గంటలు, నీళ్ళ మీద మెల్లిగా కదిలే ఏదో. ఇన్నాళ్ళూ ఆయన అలిసిపోయి ఊరుకున్నాడనుకున్న చోట్లన్నీ ఇలా నిండి ఉన్నాయన్నమాట. నెలల తరబడి తను విన్నది సగం. ఇందులో ఇంత ఉందని ఒక్కరోజు, ఒక్క మాట చెప్పి ఉంటే కాయలేరుకుంటూ ఆ మిగతా సగం తనే ఊహించుకుని ఉండేది. ఆ దుఃఖం తన్నుకొచ్చింది ఆవిడకి.

పాట మెట్లెక్కసాగింది. పైకి, పైపైకి. ఆ చోటు వస్తోందని తెలిసి జగదాంబ కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. కుర్రాడి వేళ్ళు తీగ చివరికంటా పాకాయి. చీలలేదు. ఆగలేదు. సన్నగా, తిన్నగా ఆ పై స్వరం నిలబడింది, నిలబడి, అవతలి వైపుకి దిగింది. తన ఇంట్లో ఒక్కసారి కూడా వినిపించని పాట అక్కణ్ణుంచి మొదలైంది. ఎంత శాంతంగా ఉందో అది. పనంతా అయ్యాక కాళ్ళు కడుక్కుని కూర్చున్నట్టుంది. జనమంతా కదలకుండా వింటున్నారు.

జగదాంబ మాత్రం ఇక వినలేదు. జనవరి నుంచి మే దాకా ఆయన ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆ చోటు దాటలేదు. ఆ మాట ఆవిడకి అప్పుడు తట్టింది. తట్టగానే మిగతావన్నీ వెనకే వచ్చాయి. వేరే చెల్లో తెస్తామంటే ఎందుకు వద్దన్నాడు. ఊడిపోయిన వాద్యం ముందు కూర్చుని అంత పొడుగున వదిలిన ఊపిరి ఏమిటి. పొలం పని మధ్యలో వాన పడితే, ఇక పని తప్పిందని కూలీలు వదిలే ఊపిరి అది. ఊరంతా తిరిగి, అడగనివాడిక్కూడా మా ఆవిడ చేసిందని ఎందుకు చెప్పాడు. వాద్యాన్ని చంపింది తనే, అందులో అబద్ధం లేదు. కానీ ఆ సాయంత్రం అంతకు ముందే చచ్చిపోయి ఉంది. ఆయనకి శవం మోసేవాళ్ళు కావలసి వచ్చింది. జగదాంబకి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. పెళ్ళయిన నాటి నుంచి రానంత కోపం.

మర్నాడు పొద్దున బస్సులో దారి పొడుగునా మాటలు కూర్చుకుంది. రాలిపోయిన తోటలు కిటికీలోంచి వెనక్కి పోతున్నాయి. గుమ్మంలోనే అడిగేయాలి. మీరు దాటలేనిదానికి నన్నెందుకండీ బజార్లో నిలబెట్టారు అని. వెంకాయమ్మ గోడ దగ్గరుంటే ఇంకా మంచిది, వినేలా అడగాలి. ఒక్కో మాటా సరిచూసుకుంది.

ఇంటికొచ్చేసరికి వీరరాఘవయ్య వసారాలో కుర్చీలో ఉన్నాడు. గడ్డం గీసుకోలేదు. చేతిలో కాఫీ గ్లాసు చల్లారిపోయింది.

"జనం వచ్చారా?"

"వచ్చారండీ. హాలు నిండింది."

"ఆ కుర్రాడెలా వాయించాడు?"

"బాగానే వాయించాడు."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. ఆవిడ మొహంలోకి చూడకుండా అన్నాడు. "మధ్యలో పైకెళ్ళే చోటు ఒకటుంటుంది. నీకు తెలీదులే."

"తెలుసండీ," అంది జగదాంబ.

అప్పుడు తలెత్తి చూశాడు. "అక్కడేం చేశాడు?"

బస్సులో కూర్చుకున్న మాటలన్నీ నాలిక చివరికొచ్చి నిలబడ్డాయి. గోడకి అవతల వెంకాయమ్మ కూడా ఉంది, ఆకుకూర గిల్లుకుంటూ. జగదాంబ చూపు ఆయన ఎడమ చేతి మీద పడింది. మోకాలి మీద ఆ వేళ్ళు ఉన్నాయి. చిటికెన వేలు వణుకుతోంది. దాన్ని పక్క వేలుతో అదిమి పట్టుకున్నాడు, అయినా వణుకుతోంది. ఏడాదిగా చూస్తూనే ఉంది ఆ వణుకు, కాఫీ ఒలికినప్పుడల్లా వయసు కాబోలు అనుకుంది. ఆ మనిషి కళ్ళు పరీక్ష తప్పుతానేమోనని చూసే పిల్లాడి కళ్ళలా ఉన్నాయి. పాస్ అయ్యాడో తప్పాడో చెప్పాల్సింది తను.

"అక్కడ తడబడ్డాడండీ," అంది. "గొంతు చీలిపోయింది. ఆగిపోయాడు. ఎలాగో సర్దుకున్నాడు పాపం."

వీరరాఘవయ్య వీపు కుర్చీకి ఆనింది. మొహంలో నెత్తురు వచ్చింది.

"ఆగుతాడు. అది లొంగేది కాదు అందరికీ. కుర్రాళ్ళకి చేతనయ్యే పనా అది," అన్నాడు. ఆ వెంటనే గొంతు పెంచాడు. "నా వాద్యమే ఉండి ఉంటే చూపించేవాణ్ణి. నువ్వు దాన్ని ఆ గదిలో తగలెయ్యకుండా ఉంటే."

"అవునండీ. నేను పెట్టకుండా ఉండాల్సింది."

ఆవిడ లోపలికి పోబోతుంటే వెనకనుంచి పిలిచాడు. "పళ్ళేమైనా మిగిలాయా? ఒకటి ఇలా తే. ఆకలేస్తోంది."

జగదాంబ గదిలోకి వెళ్ళి, అడుగు వరసలో మిగిలినవాటిలోంచి ఒక రసం తీసి, కడిగి, మెత్తగా పిసికి తెచ్చిచ్చింది. ఆయన మొదలు కొరికి జుర్రుకుని తిన్నాడు. ఆవిడ మళ్ళీ గదిలోకి వెళ్ళి నేల మీద మిగిలిన గడ్డి ఎత్తడం మొదలుపెట్టింది. బయట ఆయన వెంకాయమ్మతో చెప్తున్నాడు, ఆ కుర్రాడు తడబడ్డాడటండీ, మా ఆవిడ స్వయంగా చూసొచ్చింది, మా ఆవిడే గనక ఆ పని చేయకపోయి ఉంటేనా అని. వెంకాయమ్మ నవ్వింది. ఆయనా నవ్వాడు, చాలా రోజుల తరవాత.

జగదాంబ ఆ నవ్వు విని, గది తలుపు లోపల్నుంచి దగ్గరగా వేసుకుంది.